నిరోధ్ పక్కన ప్రశ్నార్థకం

నా దగ్గరున్న ‘సవాలక్ష సందేహాలు’ కాపీ ఆబిడ్స్‌లో ఒక ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. అట్ట మూల చిరిగింది, వెన్నుకు సెల్లోటేపు. మొదటి పేజీలో పేరు రాసుకున్న చోట బ్లేడుతో చదరంగా కోసేసి ఉంది. పుస్తకం ఎవరిదో తెలియకూడదనుకున్నారు. కానీ లోపలి పెన్సిల్ గీతలు చెరపడం మర్చిపోయారు.

అంత పుస్తకంలో పెన్సిల్ పడింది ఒక్కచోటే, గర్భనిరోధక పద్ధతుల దగ్గర. ఒక్కో పద్ధతి పక్కన చిన్న టిక్కు, తర్వాత దాని మీద అడ్డగీత. మాత్రల దగ్గర టిక్కు, అడ్డగీత. లూప్ దగ్గర టిక్కు, అడ్డగీత. ఆపరేషన్ దగ్గర టిక్కు మాత్రమే. నిరోధ్ దగ్గర టిక్కు లేదు, ప్రశ్నార్థకం ఉంది. ఒకసారి పెట్టి, మళ్ళీ దాని మీదే దిద్దినట్టు నల్లగా ఉంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. రాత్రిపూట ఏదైనా సిస్టమ్ ఆగిపోతే పొద్దున లాగ్‌లు చదివి ఏం జరిగిందో చెప్పడం నా పనిలో పెద్ద భాగం. జరిగినప్పుడు ఎవరూ చూసి ఉండరు, మిగిలేవి గుర్తులే. ఆ అలవాటుతోనే ఈ పేజీలూ చదివాను. ఆ పాఠకురాలు (పాఠకురాలే అనుకుంటున్నాను) నిరోధ్ అంటే ఏమిటని అడగడం లేదు. అది పక్కనే అచ్చులో ఉంది. ఆమె ప్రశ్న పుస్తకానికి కాదు, మంచంలో రెండో పక్కన ఉన్న మనిషికి.

ఈ వ్యాసం ఆ ప్రశ్నార్థకం గురించి. తెలుగు సాహిత్యం పెళ్ళి గురించి రాసింది, కాన్పు గురించి రాసింది, ఆపరేషన్ గురించీ రాసింది. పెళ్ళికీ ఆపరేషన్‌కీ నడుమ, పిల్లలు ఇప్పుడే వద్దనుకున్న ఇద్దరు మనుషులు రాత్రిపూట ఒకరినొకరు ఏం అడిగారో మాత్రం దాదాపు రాయలేదు. నా ఫిర్యాదు అదే. ఫిర్యాదులో నా ఇల్లు కూడా ఉంది కాబట్టి, అది కూడా చెప్తాను.

*

ముందు పుస్తకం సంగతి. ‘సవాలక్ష సందేహాలు’ 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. అన్వేషి చుట్టూ ఉన్న స్త్రీవాదులు, డాక్టర్లు, డాక్టర్లు కానివాళ్ళు కలిసి చేసిన స్త్రీల ఆరోగ్య పుస్తకం. 2004లో దీని ఆధారంగానే వీణా శత్రుఘ్న, గీతా రామస్వామి, శ్రీవిద్యా నటరాజన్ కలిసి ఇంగ్లీషులో ‘టేకింగ్ చార్జ్ ఆఫ్ అవర్ బాడీస్’ తెచ్చారు.

దీని వెనక ఒక కొట్లాట ఉంది. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ మీద ప్రయోగం మొదలైంది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి చూస్తే, ఇంజెక్షన్ కోసం వచ్చిన ఆడవాళ్ళకు అది ప్రయోగమనే తెలియదు. గొడవ చేశారు. మరుసటి ఏడు ఇంకొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ 1986లోనే స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ జ్ఞాపకాలు, వాళ్ళ నోటి మాటల్లోనే. అడవిలో కన్న కొడుకును వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ అందులోనే కనిపిస్తుంది. పోరాటం గురించి అడగబోయినవాళ్ళకు ఆ ఆడవాళ్ళు తుపాకులతో పాటు కాన్పుల గురించి, వదిలేసిన పిల్లల గురించి కూడా చెప్పారు. ‘సవాలక్ష సందేహాలు’ ఆ వినే అలవాటులోంచి పుట్టిన పుస్తకంలా నాకు కనిపిస్తుంది.

పేరులోనే ఆ సంగతి ఉంది. ‘సలహాలు’ కాదు, ‘సమాధానాలు’ కాదు, సందేహాలు. అడగడం తప్పు కాదని అట్ట మీదే చెప్పింది. అప్పటికి ఈ విషయం మీద తెలుగువాళ్ళకు వినిపిస్తున్న గొంతులతో పోల్చి చూస్తే ఈ పేరు ఎంత పని చేసిందో అర్థమవుతుంది.

మొదటిది గోడ మీది గొంతు. ఎర్ర త్రికోణం, దాని కింద నినాదం. మొదట ‘ఇద్దరు లేక ముగ్గురు చాలు’, ఆ తర్వాత ‘మేమిద్దరం మాకిద్దరు’. దవాఖాన గోడ మీద, బస్సు వెనక, స్కూలు ప్రహరీ మీద. 1968లో నిరోధ్ వచ్చింది, మూడు కలిపి 15 పైసలు. చాయ్‌పత్తా, సబ్బులు అమ్మే పెద్ద కంపెనీల ద్వారా కిరాణా కొట్ల దాకా చేరవేశారు. అంటే సరుకు ఊరిదాకా వచ్చింది. మాట మాత్రం రాలేదు. నినాదానికి అంకె తెలుసు, శరీరం తెలియదు. ‘మేమిద్దరం’ అంటుంది గానీ ఆ ఇద్దరూ మాట్లాడుకున్నట్టు ఎక్కడా ఉండదు.

రెండోది వారపత్రిక గొంతు. ఆంధ్రప్రభ వీక్లీలో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ దశాబ్దాల పాటు నడిచింది. తర్వాత స్వాతి వీక్లీలో డాక్టర్ సమరం. ఇప్పుడు సమరం శీర్షిక మీద జోకులేయడం తేలిక. కానీ ఇంట్లో, బడిలో, దవాఖానలో ఎవరూ నోరు విప్పని రోజుల్లో ఒక డాక్టరు అచ్చులో, తెలుగులో, తిట్టకుండా జవాబు చెప్పడం చిన్న పని కాదు. దాని ఇబ్బంది రూపంలోనే ఉంది. ఉత్తరం, జవాబు, అంతే. జవాబు చదివాక వచ్చే రెండో ప్రశ్నకు చోటు లేదు. ఆ రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘ఇది ఆయనకు ఎట్లా చెప్పాలి?’

హ్యాండ్‌బుక్ మూడో గొంతు. అది ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంటుంది. లూప్ అమ్మేవాళ్ళు లూప్ మంచిదంటారు, ఆపరేషన్ టార్గెట్ ఉన్నవాళ్ళు ఆపరేషన్ మంచిదంటారు, ఈ పుస్తకానికి అట్లాంటి టార్గెట్ ఏదీ లేదు. ఒక పద్ధతిలో లాభమేంటి, నష్టమేంటి, ఎవరు లాభపడుతున్నారు అని కూడా అడుగుతుంది. నా కాపీలోని అడ్డగీతలు ఆ పుస్తకం సాధించిన విజయమే అనుకుంటాను. ఒకామె చదివి, ఆలోచించి, కొట్టేసింది. తెలుగులో ఎన్ని పుస్తకాలు పాఠకురాలి చేత ‘నాకిది వద్దు’ అనిపించాయి?

*

ఇక సాహిత్యం. స్త్రీవాద కవిత్వం శరీరాన్ని తెలుగులోకి తెచ్చిందనేది ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కిన మాట. నిజమే. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ ఉంది. పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ ఉంది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం ఒక తరాన్ని ఉలిక్కిపడేట్టు చేసింది. ఓల్గావే ‘రాజకీయ కథలు’ ఒక్కో శరీర భాగం మీద ఎవరి అధికారం నడుస్తోందో లెక్క తీశాయి. తర్వాత గీతాంజలి, తెలంగాణలో గర్భసంచికి మనమనే మాటనే పేరుగా పెట్టి ‘బచ్చేదాని’ రాశారు. ఆ తర్వాత పడకగదిలోని హింసను పేరు పెట్టి పిలిచే ‘హస్బెండ్ స్టిచ్’ కథలు రాశారు.

ఈ జాబితాను వరసగా చూడండి. లేబర్ రూమ్, అబార్షన్, గర్భసంచి తీసేయడం, కుట్టు. అన్నీ దవాఖానలో జరిగేవి, లేదా దవాఖానకు దారితీసేవి. అన్నీ జరిగిపోయాక రాసినవి. అందులో నాకు తప్పు కనిపించదు, నొప్పి ఉన్నచోటి నుంచే మాట మొదలవుతుంది. కానీ నొప్పి మొదలుకాకముందు ఒక రాత్రి ఉంటుంది. పెళ్ళయి ఆరు నెలలు, ఏడాది. ఒకరి వాసన ఒకరికి ఇంకా కొత్తే. భయం ఉంది, ఇష్టమూ ఉంది. నెల తప్పుతుందేమోనని లెక్కబెట్టుకునే వేళ్ళున్నాయి. ఆ రాత్రి గురించి మన కథ అయితే సిగ్గుపడుతుంది, లేదంటే అత్యాచారమంటుంది. ఆ రెంటి నడుమ ఉన్న విశాలమైన మామూలు జీవితం, బేరం, బుజ్జగింపు, ‘ఈ నాలుగు రోజులు వద్దు’ అని చెప్పడం, చెప్పలేకపోవడం, నేను చదివిన కథల్లో చాలా అరుదు.

మా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి వచ్చిన సాహిత్యానికి ఈ మౌనం ఇంకొంచెం ఎక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర. మరుసటేడు అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’. భూమి, దొర, గడీ, సింగరేణి బొగ్గు, ఎన్‌కౌంటర్. ఇంటి ముందు అంత జరుగుతుంటే ఇంట్లో మంచం మీది సంగతి ఎవరు రాస్తారు? అదే 1978లో ఆడపిల్ల పెళ్ళి వయసును చట్టం పద్దెనిమిదికి పెంచిందన్న సంగతి మా ఊళ్ళ దాకా రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 1990ల సర్వేల్లో కూడా ఉమ్మడి రాష్ట్రంలో ఇరవై దాటిన యువతుల్లో సగానికి పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు.

చిత్రమేమిటంటే గర్భనిరోధం ఆ ఉద్యమానికీ సొంత సమస్యే. దళాల్లో పెళ్ళి చేసుకున్న జంటలు పిల్లల్ని కనకూడదు కాబట్టి మగవాళ్ళు వేసెక్టమీ చేయించుకోవడం రివాజు. బయటికి వచ్చాక పిల్లల కోసం మళ్ళీ నరం కలిపించుకున్నవాళ్ళ వార్తలు మా జిల్లా ఎడిషన్లలో అప్పుడప్పుడూ వచ్చేవి. ఒకవైపు ప్రభుత్వం, ఇంకోవైపు ప్రభుత్వాన్ని కూల్చాలనుకున్న పార్టీ. ఇద్దరూ ఆ జంటను ఒకే ఆపరేషన్ బల్ల దగ్గరికి పంపారు. ఇద్దరి దగ్గరా కారణముంది. ఆ జంట ముందురోజు రాత్రి ఏం మాట్లాడుకుందో మనకు కావాల్సిన కథ.

*

ఇప్పుడు కొన్ని అంకెలు. అవి లేకపోతే ఈ మౌనం ఎంత పెద్దదో తెలియదు.

1998-99 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళు వందమందిని తీసుకుంటే, సుమారు 60 జంటలు ఏదో ఒక పద్ధతి వాడుతున్నాయి. ఆ 60లో 57 ఆపరేషన్లే. మాత్రలు, లూప్, నిరోధ్ మూడూ కలిపినా ముగ్గురు లేరు. ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళలో సగం మందికి అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు.

ఇంజనీరుగా చెప్పాలంటే ఇది రెండే స్థితులున్న స్విచ్. ఆన్, ఆఫ్. పెళ్ళైన రోజు ఆన్, ఇరవై మూడో ఇరవై నాలుగో ఏట ఆఫ్. నడుమ ‘ఇప్పుడు కాదు, తర్వాత’ అని చెప్పే బటన్ లేదు. ప్రభుత్వం దాన్ని కుటుంబ ‘నియంత్రణ’ అంది, తర్వాత కుటుంబ ‘సంక్షేమం’ అంది. ఊళ్ళో మాత్రం ఒకటే మాట, ‘ఆపరేషన్’. దేనికి ఆపరేషన్ అని ఎవరూ అడగరు. నర్సమ్మలకు, ఒక్కోచోట టీచర్లకు కూడా టార్గెట్లుండేవి. వాళ్ళ లెక్కలో మనిషి ‘కేసు’. ‘ఈ నెల ఎన్ని కేసులు తెచ్చినవు?’ ఆ టార్గెట్లు 1996లో గానీ పోలేదు.

మగవాళ్ళ ఆపరేషన్ సంగతి ఇంకో ముచ్చట. ఎమర్జెన్సీలో, 1976-77లో, దేశమంతా కలిపి 82 లక్షల పైచిలుకు ఆపరేషన్లు చేశారు. అందులో నాలుగింట మూడు వంతులు మగవాళ్ళవే. మరుసటేడు మొత్తం అంకె పది లక్షల లోపుకు పడిపోయింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వానికీ మగవాణ్ణి పిలిచే ధైర్యం రాలేదు, బరువంతా ఆడవాళ్ళ మీదికి జరిగింది. అయినా 1998-99 నాటికి దేశం మొత్తం మీద వందలో ఇద్దరికి మించని మగవాళ్ళ ఆపరేషన్లు మన రాష్ట్రంలో నలుగురి దాకా ఉన్నాయి. రాష్ట్రం విడిపోయాక 2015-16 సర్వేలో కూడా ఆంధ్ర కంటే తెలంగాణలో ఎక్కువ. నలుగురే. కానీ ఆ నలుగురూ ఎవరు, ఇంట్లో ఏం చెప్పుకున్నారు, ఊళ్ళో ఏం చెప్పారు?

పిల్లల నడుమ ఎడం కోసం మా ఊళ్ళల్లో నిజంగా నడిచిన పద్ధతులు ఏ సర్వే ఫారంలోనూ ఉండవు. ఆషాఢంలో కోడలు పుట్టింటికి పోవాలి. కాన్పుకు పుట్టింటికి పోవాలి, పోయి నెలలకు నెలలు ఉండాలి. పిల్ల పాలు తాగినన్ని రోజులు దూరముండాలి. అత్త దర్వాజకు అడ్డంగా పండుకుంటుంది. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపైతే దుబాయి: రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు, ఆ రెండు నెలల్లోనే పెళ్ళి, కాపురం, కడుపు. వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ఏదీ ఆ ఇద్దరి నిర్ణయం కాదు. పెద్దలు, పంచాంగం, వీసా నిర్ణయిస్తాయి.

*

మా అమ్మది గోదారి అవతల, లక్సెట్టిపేట వైపు పల్లె, పాత ఆదిలాబాద్ జిల్లా. బాపుది ఇవతల, ధర్మపురి వైపు, పాత కరీంనగర్. నడుమ రాయపట్నం వంతెన. 1984లో పెళ్ళి, అమ్మకు పదిహేడు. 1986లో అక్క, 1989లో నేను. బాపు రైస్‌మిల్లులో హమాలి. అమ్మ బీడీలు చేసేది, నాట్లకు పోయేది. ఇంట్లో ఒకటే అర్ర. బాపమ్మ దర్వాజ దగ్గర.

పోయిన బతుకమ్మకు ఊరికి పోయినప్పుడు అమ్మ, నా భార్య వాకిట్లో కూర్చుని గునుగుపూలు కట్టలు కడుతున్నారు. నేను లోపల ల్యాప్‌టాప్ ముందు. అమ్మ గొంతు తగ్గించకుండానే అడిగింది: ‘ఏం వాడుతున్నరు బిడ్డా?’ నేను కాల్ మ్యూట్‌లో ఉందో లేదో చూసుకున్నాను. నా భార్య చెప్పింది. అమ్మ తల ఊపి, ‘మంచిదే. మాకు గోదారే ఉండె’ అంది.

అక్కకూ నాకూ నడుమ మూడేళ్ళు అట్లా వచ్చిందట. అక్క పుట్టాక అమ్మమ్మ ఏదో ఒక వంక పెట్టి బిడ్డను పంపలేదు. వానకాలం గోదారి పొంగి వంతెన మీద బస్సులు బందయితే ఇంకో నెల కలిసొచ్చేది. ‘నీళ్ళు తగ్గితె మీ మామ వచ్చెటోడు. మా అవ్వ మొకం మాడ్చుకునేది’ అని నవ్విందట. నీకు రావాలని లేకుండెనా అత్తమ్మా అని నా భార్య అడిగితే, ‘ఉండె. గదే కదా బాధ’ అందట.

ఆ మిగతా మాటలు నేను వినలేదు. నా భార్య నాకు చెప్పడానికి ముందు అమ్మను అడిగింది. రాయడానికి ముందు నేను అడిగాను.

మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి, నేను పుట్టాక అమ్మకు ఆపరేషన్ అయిందని. బాపమ్మ పోయేదాకా అట్లాగే చెప్పింది. అక్క కాన్పుల తర్వాత ఆపరేషన్ మాట వచ్చినప్పుడు ‘మీ అమ్మ చేయించుకోలేదా, ఏమైంది’ అని ఉదాహరణగా కూడా చూపించారు. అమ్మకు ఆపరేషన్ కాలేదు. 1991 ఎండాకాలం, ఇద్దరూ గోదారి అవతలికి పోయారు. అయింది బాపుకు.

వాడకట్టులో ఒకామె ఆపరేషన్ అయ్యాక కోలుకోలేదు, బరువెత్తలేకపోయింది. అమ్మకు ఆ భయం పట్టుకుంది. బీడీలు కూర్చుని చేయొచ్చు, నాట్లు వంగకుండా వేయలేం. బాపుకూ భయమే. మగవాడికి బలం తగ్గుతుందని మిల్లు దగ్గర అందరూ అనేవాళ్ళు, ఆయన బతుకే వీపు మీద బస్తాలతో. ఒకరోజు రాత్రి గొంతు తగ్గించి అడిగాడట: ‘నేను చేసుకుంటే నీకేమన్న ఉన్నదా?’

తిరిగొచ్చాక అమ్మే తనకైందని చెప్పింది. ‘మొగోన్ని కోయించిందని మా అత్త నన్ను బతుకనిస్తదా?’ బాపమ్మ నెలరోజులు అమ్మచేత బిందె ఎత్తనివ్వలేదు, వేడన్నం పెట్టింది. బాపు వారానికే మిల్లుకు పోయాడు. అమ్మ మాటల్లో: ‘పథ్యం నేను తిన్న, కోత ఆయనకైంది.’

ఇంకొకటి. మగవాడి ఆపరేషన్ వెంటనే పనిచేయదు, కొన్ని నెలలు జాగ్రత్తపడాలి. నిరోధ్ ఇచ్చి పంపారు. ఒకే అర్ర ఇంట్లో, అత్త దర్వాజ దగ్గర ఉండగా, ఆపరేషన్ అయిందని ఊరంతా అనుకుంటున్న మనిషి ఆ ప్యాకెట్లు ఎక్కడ పెట్టుకుంటుంది? తునికాకు కట్టల నడుమ, బీడీల చాటలో పెట్టింది. ఆదిలాబాద్ అడవి నుంచి వచ్చే ఆకు. దాన్ని కత్తిరించేది అమ్మ ఒక్కతే, ఇంకెవరూ ముట్టరు.

నా భార్య చివరికి ఇంకో మాట అడిగిందట. మామ నిన్ను నిజంగా అడిగిండా, చెప్పిండా? అమ్మ పూలు పక్కన పెట్టి చెప్పింది: ‘అడిగిండు. పెండ్లప్పుడు ఎవలూ అడుగలే. పిల్లలప్పుడు అడుగలే. గదొక్కటే అడిగిండు.’

*

ఇది రాసేటప్పుడు నాకు నచ్చిన ముగింపు ఇంకోటి. బాపును మధ్యలో నిలబెట్టి, చూడండి నలుగురిలో ఒకడు అనడం. మొదటి డ్రాఫ్టు అట్లాగే ఉంది. నా భార్య చదివి, ‘మీ బాపును హీరో చేయకు. ఆయనది ఒక్క రోజు కోత. ఆమె ముప్పై ఏళ్ళు అబద్ధం మోసింది. ఆ ఆపరేషన్ ఫెయిలై కడుపొస్తే ఊరు ఎవర్ని అడిగేది?’ అంది. నిజమే. ఆయన చేసిన పనికి కూడా సమాధానం చెప్పుకోవాల్సింది ఆమే. నలుగురి పక్కన 53 మంది ఆడవాళ్ళున్నారన్నది కూడా మర్చిపోకూడదు. వాళ్ళలో ఎంతమందిని ఎవరైనా అడిగారు?

అయినా ఈ కథ నుంచి సాహిత్యానికి ఒక సంగతి కావాలి. గర్భనిరోధాన్ని మనం రెండే విధాలుగా చదివాం: రాజ్యం శరీరం మీద చేసిన పని, లేదా మగవాడు ఆడదాని మీద వేసిన బరువు. రెండూ నిజం. రెంటిలోనూ ఇద్దరు మనుషుల నడుమ మాటకు చోటు లేదు. ‘సవాలక్ష సందేహాలు’ మీద నాకున్న ఒకే ఒక అసంతృప్తి కూడా ఇదే. ఆ పుస్తకం ఆమెతో మాట్లాడుతుంది, ఆమె శరీరం గురించి ఆమెకు చెబుతుంది, 1991లో అంతకంటే అవసరమైన పని లేదు. కానీ నిరోధ్ ఒక్కటీ ఆమె ఒక్కతే వాడగలిగేది కాదు. అక్కడికొచ్చేసరికి హ్యాండ్‌బుక్ ఆగుతుంది, ఆగాలి కూడా. అక్కడి నుంచి కథ మొదలుకావాలి. పద్ధతి ఏమిటో పుస్తకం చెప్పగలదు. ఎట్లా అడగాలో, అడిగితే ఏమవుతుందో, అడగకుండానే ఎన్నేళ్ళు గడుస్తాయో చెప్పగలిగేది కథే.

మా తరానికి ఇది పాత ముచ్చట అనిపించొచ్చు. పది నిమిషాల డెలివరీ యాప్‌లో పాల ప్యాకెట్‌తో పాటు వచ్చేస్తుంది. దాచడానికి తునికాకు అక్కర్లేదు. కానీ పెళ్ళైన మొదటేడు నేను అడిగానా అని ఈ వ్యాసం రాస్తూ గుర్తు చేసుకున్నాను. యాప్‌లో ఆర్డర్ పెట్టాను. అది అడగడం కాదు.

బాపుకు చదువు రాదు. రాస్తానని చెప్పి, వద్దంటే మానేస్తానన్నాను. టీవీ వైపు చూస్తూనే, ‘గివి ఎవలన్న చదువుతరా?’ అన్నాడు. చదువుతరు బాపూ, కొద్దిమంది అన్నాను. ‘కొద్దిమందేనా, అయితె రాయి.’ వంటింట్లోంచి అమ్మ: ‘రాయి గని, ఆయనకు చదివి వినిపియ్యకు.’

పుస్తకం ఇప్పుడు నా భార్య స్నేహితురాలి దగ్గరుంది, కొత్తగా పెళ్ళైంది. ఇచ్చేటప్పుడు ఒకటే చెప్పాను, పెన్సిల్ గీతలు చెరపొద్దని.